గృహిణీ విషయములు: వెనుకటి దశాబ్దపు వేషము

అక్టోబరు నెల వచ్చినదనిన మొఘల్‌పురాలోని తల్లుల కొక క్రొత్త చిక్కు తోడగుచున్నది. దసరా, దీపావళుల పనుల నడుమనే బడినుండియో, కళాశాలనుండియో, బంధువులుండు అపార్టుమెంటు సంఘమునుండియో ఫోనులో నొక సందేశము వచ్చును. 31వ తేదీ సాయంకాలము హాలోవీన్ వేడుక యనియు, వచ్చువారందరు ఏదైన నొక పాత దశాబ్దపు వేషముతో రావలెననియు దాని సారాంశము. పిల్ల మనసు బజారులోని తయారు వేషముపై నుండును. తల్లి మనసు ఖర్చుపై నుండును. ఇంటి పెద్దావిడ మనసు మాత్రము తన ట్రంకు పెట్టెపై నుండును. ఈ మూటికిని సమాధానము కుదుర్చు మార్గము కలదని మా యభిప్రాయము.

మొదట ఈ పండుగను గూర్చి రెండు మాటలు. క్రైస్తవులు నవంబరు 1వ తేదీని సకల పునీతుల దినముగా పాటింతురు. దాని ముందటి రాత్రియే హాలోవీన్. ఐర్లండు, స్కాట్లండు దేశములలో అంతకు పూర్వమే శీతకాలపు ఆరంభమున జరుపుకొను పాత పండుగ యొకటి దీనిలో కలసిపోయినది. 19వ శతాబ్దమున ఐర్లండు వలసవారు దీనిని అమెరికాకు గొనిపోయిరి. మన తెలుగు పిల్లలు అమెరికాలో స్థిరపడిన పిమ్మట వారి ఫొటోలతోపాటు ఈ వేడుకయు మన యిండ్లలో ప్రవేశించినది. పండుగ క్రొత్తదైనను వేషము మనకు క్రొత్తది కాదు. పగటివేషగాండ్రు మన యూళ్ల వీధులలో తిరిగినవారే. దసరా వేషములు మన పెద్దలెరుగుదురు. దక్కను మొహర్రములో కట్టు పులివేషము మొదలగువానిని జాఫర్ షరీఫ్ తన గ్రంథములో వర్ణించెను. అది 1832లో ఇంగ్లీషున అచ్చయినది. కాబట్టి వేషము కట్టుట తప్పా యను చర్చతో మనకు పనిలేదు. ఎవరి వేషము కట్టుచున్నామో తెలిసి కట్టుచున్నామా యనునదియే ప్రశ్న.

దశాబ్దమును ఎంచుకొనుటకు ముందు ఊరు నెంచుకొనవలెను. ఇది చాలమంది మరచు సంగతి. 1920ల వేషమని బజారులో నమ్ముడుపోవునది అమెరికా నర్తకి యుడుపు. మోకాళ్లవరకు వ్రేలాడు కుచ్చులు, తలకొక పట్టీ, పొడవైన పూసల హారము దాని లక్షణములు. అది ఆ దేశమునకు నిజమే. కాని అదే సంవత్సరములలో చార్మినారు ప్రక్కనున్న మన మొహల్లాలో ఏ యాడుదియు అట్లు ధరించి యుండలేదు. పిల్ల "నేను 1920ల దానను" అనినప్పుడు "ఎచ్చటి దానవు?" అని యడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు దొరకినచో సగము వేషము సిద్ధమైనట్లే.

ఇక మన నగరమును బట్టి ఒక్కొక్క దశాబ్దమును చూతము.

1930లు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కుమారుల కిరువురికి 1931 నవంబరు 12వ తేదీన ఫ్రాన్సు దేశపు నీస్ నగరములో వివాహములు జరిగినవి. టర్కీ రాజవంశమునకు చెందిన దుర్రూ షెహవార్, నీలూఫర్ అను కన్యలు హైదరాబాదు కోడండ్రయిరి. పుట్టుకచే చీర యెరుగని ఆ యిరువురును ఇచ్చట చీర కట్టిరి. మన పిల్లల ఆసుపత్రి పేరు ద్వారా నీలూఫర్ నేటికిని మనకు పరిచితురాలే. ఆమె పలుచని చీరలు, వానిపై కుట్టిన జరీపని నాటి సంపన్నుల యిండ్లలో ఒక క్రొత్త మోజును పుట్టించినవి. ఇది ఆ దశాబ్దపు ఒక ముఖము. నగరములోని తెలుగువారి యిండ్లలో గద్వాల, నారాయణపేట చీరలు, మోచేతివరకు వచ్చు రవిక, మెడపై ముడి, ముడిలో పూలు ఉండెడివి. పాటకపు స్త్రీలు గోచికట్టుతో పొలములో, బట్టీలో పనిచేసిరి. ముస్లిము కుటుంబములలో పెండ్లికూతురు ఖడా దుపట్టా ధరించెడిది. చుడీదారు, కుర్తాలపై ఆరు గజముల దుపట్టాను చుట్టి నిలుపు ఆ పద్ధతి హైదరాబాదుకే చెల్లినది. దానితో ఏడుపేటల సత్లడా, కంఠమును హత్తుకొను చింతాకు, తలపై నొకప్రక్క ఝూమరు పెట్టెదరు. మగపిల్లవానికి షేర్వాణీ, ఎర్రని రూమీ టోపీ చాలును. ఖడా దుపట్టా నేటికిని పెండ్లిండ్లలో ధరింపబడుచున్నది గనుక, దానిని పాతకాలపుదని చూపదలచినచో నాటి కుట్టును, నాటి నగను తెలిసికొని చూపవలెను.

1940లు. యుద్ధకాలము. 1943లో బ్రిటిషు ఇండియా ప్రభుత్వము నూలు, బట్టల నియంత్రణ ఉత్తరువును జారీచేసెను. బట్ట కరవు అనుమాట నాటి ఇల్లాండ్రందరికి తెలిసినదే. చిరిగిన చీరను మధ్యకు కోసి, అంచులను కలిపి కుట్టి, మరల కట్టుట నాడు సిగ్గుగాదు, నేర్పు. బుట్టచేతుల రవికయు, అంచు మాత్రమే గల నూలుచీరయు, ఖద్దరును ఈ దశాబ్దపు గుర్తులు. తక్కువ ఖర్చుతో కుదురు వేషము ఇదియే. మాసికవేసిన చీరతో వచ్చిన బాలికను చూచి ఎవరైన నవ్వినచో, ఆ మాసిక యెందుకు పడినదో చెప్పుటకు ఆమెకు కథ యుండును.

1950లు, 1960లు. 1955లో వచ్చిన మిస్సమ్మ చిత్రములో సావిత్రి ధరించిన చీరలు, రవికలు నాటి చదువుకొన్న యువతుల తీరును చూపును. కాని ఒక హెచ్చరిక. మాయాబజార్ 1957 నాటి చిత్రమైనను అందులోని కిరీటములు, వడ్డాణములు 1957 నాటివి కావు. అవి పురాణవేషములు. సినిమా ఏనాటిదో చూచి అందలి దుస్తులును ఆనాటివే యనుకొనరాదు. 1960లో వచ్చిన లవ్ ఇన్ సిమ్లా చిత్రముతో నుదుటిపై వెండ్రుకలు కత్తిరించుకొను సాధనా కట్టింగు దేశమంతట ప్రాకినది. దానితోపాటు ఒంటికంటిన కుర్తాలు, చుడీదారులు వచ్చినవి. నైలాను, టెరిలిన్ చీరలు ఇంటింట చేరిన కాలమును ఇదియే. ఇచ్చట బట్టను బట్టి దశాబ్దమును గుర్తించు నియమ మొకటి కలదు. నైలాను 1938లో అమెరికాలో ప్రకటింపబడినది. టెరిలిన్ 1941లో ఇంగ్లండులో కనిపెట్టబడినది. కావున 1920ల అవ్వకు నైలాను చీర కట్టినచో ఆ వేషము చెడును.

1970లు. 1971లో వచ్చిన ప్రేమనగర్ చిత్రములోని వాణిశ్రీ చీరకట్టు, ఎత్తైన కొప్పు మన తల్లుల కాలపు అద్దములలో ఎన్నిమార్లు అనుకరింపబడినవో చెప్పనలవిగాదు. సవరమును లోపల చుట్టి, పైని వెండ్రుకలు కప్పి, పిన్నులతో బిగించుటయే ఆ కొప్పు మర్మము. పెద్దపెద్ద పువ్వులు గల పాలియెస్టరు చీర, మోచేతికి మీదుగా నుండు బిగుతు రవిక దానికి తగును. 1973 నాటి బాబీ చిత్రముతో చుక్కల చొక్కాలు ఆడపిల్లలకు మోజైనవి. మగవారికి గంటవలె క్రింద విప్పారిన ప్యాంట్లు, పెద్ద కాలర్లు. 1980లు మరింత సులభము. 1982లో మనదేశమునకు రంగుల టెలివిజను వచ్చినది. మిడ్డీలు, ఉబ్బిన భుజములు, రెండు జడలకు వెడల్పు రిబ్బన్లు నాటి తల్లుల ఆల్బములలోనే దొరకును.

ఇవి తెలిసికొనుటకు మొఘల్‌పురా వాసులకున్న సౌకర్యము మరి యెవరికిని లేదు. పురానీ హవేలీలో నిజాము మ్యూజియమున్నది. అది 2000లో తెరువబడినది. 1869 మొదలు 1911 వరకు పాలించిన ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా అచ్చటనే కలదు. 176 అడుగుల పొడవున రెండంతస్తులుగా కట్టిన కొయ్య బీరువా యది. పై అరలకు ఎక్కుటకు చేతితో త్రిప్పు లిఫ్టు కూడ నున్నది. ఒక్క పురుషుని బట్టలకు అంత చోటు కేటాయింపబడిన నగరములో, మన అవ్వల బట్టలకు ఒక్క ట్రంకు పెట్టె కూడ మిగులకుండుట తగునా యని మీరే యాలోచింపుడు. ఖిల్వత్‌లోని చౌమహల్లా రాజప్రాసాదమున దుస్తుల ప్రదర్శన మున్నది. మూసీ యొడ్డున సాలార్‌జంగు మ్యూజియమున్నది. గాజులకు లాడ్ బజారుకు నడిచి పోవచ్చును. అచ్చటి లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ప్లాస్టికు గాజుల పెట్టెకంటె ఒక జత లక్కగాజులు వేషమునకు ఎక్కువ నిండుదనము నిచ్చును. వేషము ముగిసిన పిమ్మటను అవి చేతికే యుండును.

మ్యూజియముకంటె ముందు మాత్రము ఇంటిలోని పెద్దను అడుగవలెను. నాయనమ్మ, అమ్మమ్మ లేనిచో ప్రక్కయింటి దాదీని, నానీని అడుగవచ్చును. మొఘల్‌పురా వంటి చోట తెలుగువారు, ముస్లిములు, మరాఠీవారు, కాయస్థులు గోడకు గోడగా బ్రతికినవారు. "మీ పెండ్లినాడు ఏమి కట్టితిరి? ఎవరు కుట్టిరి? మొదట రవికకు హుక్కులుండెనా, ముడియుండెనా? చెప్పులు వేసికొనెడివారా? తలకు ఏ నూనె? ఏ వయస్సునుండి చీర?" అని పిల్లచేతనే యడిగింపుడు. పెద్దలు బట్టను గూర్చి చెప్పుచు చెప్పుచు బ్రదుకును గూర్చి చెప్పుదురు. ఏ చరిత్ర పుస్తకములోను లేని సంగతులు అప్పుడు బయటపడును.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాము. హాలోవీన్ భయము గొలుపు వేడుక గనుక, "పాతకాలపు దయ్యము" అను వేషము అన్నిటికంటె సులభమని పలువురు తలతురు. తెల్లచీర, విరబోసిన జుట్టు, ముఖమునకు తెల్లపిండి, నుదుట బొట్టు లేకుండుట. సినిమాలు నేర్పిన దయ్యమిది. కాని ఈ దయ్యమెవరు? బొట్టు చెరిపి, గాజులు తీసి, తెల్లని పంచె కట్టించి మన సంఘము మూలకు కూర్చుండబెట్టిన విధవయే గదా! కందుకూరి వీరేశలింగముగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో మొదటి వితంతు వివాహము జరిపించిరి. అంతకు ముందును, ఆ తరువాత చాల కాలమువరకును, పదియేండ్లయిన నిండని బాలవిధవలు ఆ తెల్లబట్టతోనే పెరిగి, ముసలివారై, పోయిరి. శుభకార్యమునకు ఎదురు రాకూడదని వారిని దాచిరి. బ్రతికియుండగనే వారిని దయ్యములవలె చూచిరి. ఇప్పుడు వారి బట్టనే కట్టి చిన్నపిల్లలను జడిపించుట మనకు తగునా? ఏ యింటి పాత ఆల్బము తిరుగవేసినను అట్టి తెల్లచీర యొకటి వెనుక వరుసలో నిలిచియుండును. అందుచే ఆ వేషమును మా సోదరీమణులు తమ పిల్లలకు కట్టరాదని మా ప్రార్థన. దయ్యమే కావలెనన్నచో నల్లదుప్పటి కప్పి రెండు కన్నులు కత్తిరింపుడు. ఎవరికిని నొప్పి కలుగదు.

ఇట్లే మరి కొన్ని యున్నవి. ప్రక్కయింటి స్త్రీ తన విశ్వాసముచే నేటికిని ధరించు బురఖా వేషము కాదు. లంబాడీ స్త్రీ అద్దాల పైట వేషము కాదు. వీధి యూడ్చు స్త్రీ చీర వేషము కాదు. ఒక నియమము గుర్తుంచుకొనినచో చాలును. ఆ బట్ట కట్టినవారు ఆ సాయంకాలము అచ్చటకు వచ్చి చూచినచో, సంతోషింతురా, తల దించుకొందురా? సంతోషింతురన్నచో కట్టుడు.

ఇక ట్రంకు పెట్టె విషయము. "పాత పట్టుచీరలు కొందుము" అను కేక మన గల్లీలలో వినబడుచునే యున్నది. ఆ కొనువారికి చీరతో పనిలేదు, జరీతో పని. పాతకాలపు అసలు జరీ వెండితీగెను పట్టుదారముపై చుట్టి, పైని బంగారు పూతతో చేసినది. చీరను కాల్చి, బూడిదనుండి వెండిని కరగించి తీయుదురు. తూకమునకు వచ్చు రూపాయలు కొలదిరోజులలో ఖర్చగును. తరతరముల అంచులు, పల్లులు పొగయై పోవును. ఒక పాత చీర వేషమునకు పనికివచ్చునని తెలిసినచో, దానిని అమ్మివేయుటకు చేయి కొంచెము వెనుకాడును. అది ఈ వేడుకవలన కలుగు నొక మేలు.

అయితే వేషము పేర దానిని చంపరాదు. పిల్లకొలతకు పాత పట్టును కత్తిరింపకుడు. పట్టు ముదిరినప్పుడు మడతల వెంబడి విచ్చిపోవును. కాబట్టి ముందుగా మడత విప్పి, వెలుతురున పట్టి చూడుడు. గీతలు కనబడినచో దానిని కట్టుట మానుడు. దాని ఫొటో తీసి, అంచు నమూనాను దర్జీకి చూపి, మామూలు నూలుపై కుట్టించినచో వేషము కుదురును, చీరయు బ్రతుకును. గట్టిగా నున్న చీర కట్టినను పిన్నీసు జరీపై గ్రుచ్చరాదు. అత్తరు, పౌడరు, ముఖపు రంగు బట్టకు తగులనీయరాదు. కట్టక ముందే అవి ముగింపవలెను. విప్పిన పిమ్మట వెంటనే మడువక, నీడను ఆరబెట్టి, పాత మల్లుగుడ్డలో చుట్టి, క్రొత్తచోట మడత వేసి పెట్టుడు. కలరా ఉండలు బట్టకు తగులరాదు. చిన్న గుడ్డమూటలో కట్టి మూలను ఉంచవలెను. ఆరునెలల కొకమారు మడతలు మార్చవలెను.

మరియొక జాగ్రత్త ప్రాణమునకు సంబంధించినది. ఈ వేడుకలో కొవ్వొత్తులు, దీపములు విరివిగా నుండును. 2014లో బ్రిటనులో ఒక బాలిక హాలోవీన్ వేషము కొవ్వొత్తికి అంటుకొనగా ఆమె తీవ్రముగా కాలినది. అటుపిమ్మట అచ్చటి ప్రభుత్వము పిల్లల వేషదుస్తులను తనిఖీ చేయించినది. నైలాను, పాలియెస్టరు కరగి చర్మమునకు అంటుకొనును. పలుచని వదులు నూలు భగ్గుమని మండును. కనుక ఏ బట్టయైనను కొంగును నడుమునకు దోపుడు, చెరగును చీలమండకు పైకి ఎత్తుడు, అట్టదీపములలో బ్యాటరీ బల్బులు పెట్టుడు. కొన్న సవరములు, టోపీలు నిప్పుకు దూరముగా నుండవలెను. అంటుకొనినచో పరుగెత్తక నేలపై దొర్లవలెనని పిల్లకు ముందే నేర్పుడు.

తుదకు వ్యయము. తల్లి ఆల్బములోని ఫొటో, అవ్వ చెప్పిన మాట, ఇంటిలోని చీర, లాడ్ బజారు గాజులు, పెరటి మల్లెలు — ఇంతకుమించి కావలసినది లేదు. సంవత్సరము నొకటి, ఊరు నొకటి, సందర్భము నొకటి పిల్లచేత నిర్ణయింపజేయుడు. "1970లు" అని కాక, "1974లో శాలిబండనుండి సిటీ బస్సులో కళాశాలకు పోవు అమ్మాయి" అని ఆమె చెప్పగలిగినచో, చెప్పులు, సంచి, జడ అన్నియు తమంత తామే కుదురును.

వేడుక ముగిసి చీర మరల పెట్టెలోనికి పోవునప్పుడు ఒక చిన్న కాగితముపై అది ఎవరిది, ఏ సంవత్సరము, ఏ శుభకార్యమునకు కొన్నది, ఏ యూరి నేత యను సంగతులు పిల్లచేత వ్రాయించి మల్లుగుడ్డలో నుంచుడు. నేటి పెద్దావిడ తరువాత ఆ సంగతి చెప్పగలవా రుండరు. తమ యిండ్లలో 1960కి పూర్వపు చీరగాని, రవికగాని, కుర్తాగాని నిలిచియున్న సోదరీమణులు దాని వివరములను మాకు వ్రాసి పంపినచో, రాబోవు సంచికలలో ఈ శీర్షికన సంతోషముతో ప్రకటింతుము.